నాలుగూ పదికి చేరిన కవరు

పొద్దున పదకొండున్నరకి స్కానర్ మూత ఎత్తి తర్వాతి కాగితం పెట్టబోతుంటే దాని మీద నా పుట్టినరోజు కనపడింది. తేదీ, నెల, సంవత్సరం, మూడూ నావే. ఆ రోజు లోకంలో నేనొక్కదాన్నే పుట్టానా, కాగితాలు కూడా పుట్టుంటాయిలే అని నాలో నేనే నవ్వుకున్నాను. కింద చేతిరాత చూశాక ఆ నవ్వు పోయింది. ప్రతి వాక్యం చివర చుక్క బదులు చిన్న గీత కొట్టే మనిషి నాకు తెలిసి ఒక్కడే ఉన్నాడు. మా పెదనాన్న.

అది సంజాయిషీ ఉత్తరం. "అయ్యా, పై తేదీన సాయంత్రం నాలుగింటిలోపు నిఘా ఆఫీసు కిటికీలో ఇవ్వవలసిన కవరుతో నేను నాలుగూ పదికి చేరినాను. అప్పటికి కిటికీ మూసివేసినారు. ఆలస్యమునకు కారణం, మా తమ్ముడికి ఆడపిల్ల పుట్టినది. దారిలో ఆసుపత్రికి వెళ్ళి పది నిమిషములు ఉన్నాను. పాప నా వేలు పట్టుకున్నది. తప్పు పూర్తిగా నాదే."

"పాప నా వేలు పట్టుకున్నది" అన్న చోట ఎవరో ఎర్ర పెన్సిలుతో గీత గీసి, పక్కన "అనవసరం" అని రాశారు.

ఆ పాపని నేనే.

దాని వెనకే ఇంకో కాగితం కూడా చూశాను. దాని సంగతి తర్వాత చెప్తాను. ముందు మా పెదనాన్న ఎవరో, సాయంత్రం టీకొట్టు దగ్గర ఏం జరిగిందో చెప్పకపోతే మీకు నా బాధ అర్థం కాదు.

నేను ఉద్యోగంలో చేరి నాలుగు నెలలైంది. ఉమ్మడి సమాచార కేంద్రం అంటారు మా ఆఫీసుని. పోలీసులకి తెలిసింది రైల్వేకి తెలీక, రైల్వేకి తెలిసింది రేవు ఆఫీసుకి తెలీక, ఆ సందులోంచి బాంబులు పెట్టేవాళ్ళు దూరి వెళ్ళిపోతున్నారని, పదిహేడు ఆఫీసుల కాగితాల్ని ఒక్కచోటికి చేర్చే పని. నాది అందులో అన్నిటికంటే చిన్న పని. పాత ఫైళ్ళు స్కాన్ చేసి, ఒక్కో కాగితం కింద ఉన్న గడి నింపాలి. "ఈ సమాచారం ఎవరికి తెలియాలి?" అని ఉంటుంది ఆ గడి పక్కన. నొక్కితే పదిహేడు ఆఫీసుల పేర్లు వస్తాయి, ఎంచుకోవాలి. చేరిన రోజున నాతో ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు, ఇక్కడ చూసింది ఇంట్లో చెప్పను, బయట చెప్పను, చెప్తే ఉద్యోగమూ పోతుంది, కేసూ పడుతుంది అని. ఆ సంతకం పెట్టిన బల్ల పైనే గోడకి తాటికాయంత అక్షరాలతో ఒక బోర్డు వేలాడుతోంది, "తెలిసింది పంచుకుందాం" అని.

ఇక పెదనాన్న. ఆయన రేవు ఆఫీసులో మెసెంజరు. లక్క ముద్ర వేసిన కవర్లు ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి మోసేవాడు. అందుకే వీధిలో అందరూ "కవరు బాబాయ్" అంటారు. పెళ్ళి చేసుకోలేదు, మా ముందు గదిలోనే ఉంటాడు, నా చదువంతా ఆయన భుజాల మీద కూర్చునే సాగింది. నోట్లో నువ్వుగింజ నానదు. రిటైరయ్యాక రోజూ సాయంత్రం టీకొట్టు బెంచీ మీద ఆయన కథ చెప్పాల్సిందే, జనం వినాల్సిందే. కథ ఒక్కటే. ఊరిని బాంబు నుంచి ఎలా కాపాడాడో. చెప్పే కొద్దీ పెరుగుతుంది, పోయిన నెల రెండొందల మందిని కాపాడాడు, ఈ నెల మూడొందల యాభై.

ఇవాళ ఆఫీసు నుంచి వస్తూ నేనూ ఆగాను. చిన్నప్పట్నించీ వెయ్యిసార్లు విన్న కథ. ఇవాళ మాత్రం కాళ్ళు ఇంటికి కదల్లేదు.

బెంచీ మీద ఎప్పుడూ ఉండే ఇద్దరు ఉన్నారు, టైలరూ, తాళాలు చేసే ఆయనా. పొయ్యి దగ్గర టీకొట్టు అక్క. కొత్తగా ఒకమ్మాయి ఉంది, బస్టాండులో టికెట్ల కౌంటరుకి బదిలీ మీద వచ్చిందట, వారం కిందట వెనక వీధిలో అద్దెకి దిగింది. కొత్త చెవులు దొరికితే పెదనాన్నకి పండగే.

"నేనేమంత గొప్ప పని చెయ్యలేదమ్మా," అని మొదలుపెట్టాడు గ్లాసు అటూ ఇటూ తిప్పుతూ. "ఒక కవరు తీసుకెళ్ళి ఇచ్చాను. అంతే."

"అంతేనా?" అంది టికెట్ల అమ్మాయి.

"అంతేనట!" అన్నాడు టైలరు. "అమ్మా, నువ్వు గ్లాసు గట్టిగా పట్టుకో. ఇక్కణ్ణించి గాలి మొదలవుతుంది."

"ఓరి కత్తెరా, నువ్వు బొత్తాలు కుట్టుకో. చూడమ్మా, అప్పట్లో ఆఫీసులెలా ఉండేవో తెలుసా? రేవు ఆఫీసు, రైల్వే ఆఫీసు, నిఘా ఆఫీసు, మూడూ మొదట ఒకే కూడలిలో ఉండేవి, ఈ కిటికీలో తుమ్మితే ఆ కిటికీలో చిరంజీవ అనేవాళ్ళు, కానీ కాగితం మాత్రం ఒకళ్ళకొకళ్ళు ఇచ్చి చావరు. ఒకే వంటింట్లో ముగ్గురు తోడికోడళ్ళు మూడు చక్కెర డబ్బాలు దాచుకున్నట్టు, ఎవరికి తెలిసింది వాళ్ళు తాళం వేసుకోవడమే. చివరికి తుమ్ములు కూడా వినపడకూడదని నిఘా వాళ్ళు ఊరికి ఆ చివర బిల్డింగు కట్టుకుని పోయారు. ఆ రోజు ఏమైందో తెలుసా? ఓడలోంచి ఒక పెట్టె దిగిందని రేవు ఆఫీసుకి తెలుసు. రైల్లోంచి ఒక మనిషి దిగాడని రైల్వేకి తెలుసు. ఏదో జరగబోతోందని నిఘా వాళ్ళకి తెలుసు. పెట్టె తెలిసినవాడికి మనిషి తెలీదు, మనిషి తెలిసినవాడికి పెట్టె తెలీదు, ముగ్గురూ కలిసి ఒక్క టీ తాగితే అయిపోను, అరగంట పని, కానీ పదకొండేళ్ళ నుంచీ మాటల్లేవు, ఎడమొహం పెడమొహం."

"ఎందుకట?" అంది అక్క, సమాధానం తెలిసినా.

"ఎప్పుడో మీటింగులో ఒకడి కుర్చీలో ఇంకొకడు కూర్చున్నాడక్కా! నవ్వకు, నిజం. సరే, మా ఆఫీసరు నన్ను పిలిచి కవరు చేతిలో పెట్టాడు. లోపలేముందో చెప్పలేదు, చెప్పకూడదు. నాకు చెప్పడమెందుకు? లక్క వాసన చూశానంటే లోపల పెళ్ళి శుభలేఖ ఉందో బదిలీ ఆర్డరు ఉందో చెప్పేసేవాణ్ణి. ఆ రోజు వాసన చూస్తే మందుగుండు కంపు! స్కూటరు దగ్గరికి పరిగెత్తాను. మామూలుగా దాన్ని పక్కకి వంచి, బతిమాలి, నాలుగు తన్నులు తంతేగానీ లేవదు. ఆ రోజు నేను కిక్కు మీద కాలు పెట్టకముందే నా మొహం చూసి స్టార్టయిపోయింది."

"పెట్రోలుందా?" అన్నాడు తాళాలాయన.

"పెట్రోలెవడు చూశాడ్రా! ముల్లు మొత్తం తిరిగి, అక్కడ చోటు చాలక మళ్ళీ సున్నా దగ్గరికొచ్చింది, అంత స్పీడు. నా నీడ నాతో రాలేకపోయింది. సిగ్నల్ దగ్గర ఆగి దానికోసం ఎదురుచూడాల్సొచ్చింది. అది వగరుస్తూ వచ్చి నా వెనక ఎక్కి కూర్చుంది. తర్వాత ఏమైందో తెలుసా? రైలు గేటు పడింది!"

"అయ్యో," అంది టికెట్ల అమ్మాయి. నిజంగానే అంది, నాకు ముచ్చటేసింది.

"గూడ్సు బండి. యాభై ఎనిమిది పెట్టెలు. అది పోయేదాకా ఆగితే ఊరు పోతుంది. కళ్ళు మూసుకుని, మా అమ్మని తలుచుకుని, ఎత్తాను బండిని. లేచింది. పెట్టెల మీదుగా పోతున్నాను, ఒకటీ, రెండూ, మూడూ, లెక్కపెట్టుకుంటున్నాను కూడా. చివరి పెట్టెలో గార్డు తల పైకెత్తి చూసి, 'టైమెంతయింది సార్' అన్నాడు. 'మూడూ నలభై' అని చెప్పి దిగాను."

"పోయిన వారం గార్డు టీ కూడా ఇచ్చాడు," అన్నాడు టైలరు.

"ఇచ్చాడు. ఈ పిల్ల కొత్తది, ఒక్కసారే అన్నీ చెప్తే నమ్ముతుందా?"

అందరూ నవ్వారు. పెదనాన్న అందరికంటే ఎక్కువ నవ్వాడు. ఆ నవ్వు తగ్గుతుండగా గొంతు కొంచెం కిందకి దించాడు. కథలో ఈ చోట ఎప్పుడూ అలాగే దించుతాడు. చిన్నప్పుడు అది కథలోని కిటుకు అనుకునేదాన్ని.

"అప్పుడు, దారిలో, ఒక మహారాణి దర్శనమయింది."

"మహారాణా?" అంది టికెట్ల అమ్మాయి.

"మామూలు రాణి కాదు. ఆవిడ లోకానికి వచ్చి గంటైనా కాలేదు, కానీ పొగరు చూడాలి! కళ్ళు కూడా తెరవదు, మనల్ని చూడటం ఆవిడకి నామోషీ. తెల్లటి గుడ్డలో చుట్టుకుని సింహాసనం మీద పడుకుంది. సలాం పెట్టి వెళ్ళిపోదామని ఇలా వేలు చాపాను. పట్టుకుంది."

తన చూపుడు వేలు ఎత్తి చూపించాడు. లక్క కాల్చి కాల్చి చివర నున్నగా అయిపోయిన వేలు.

"వదిలించుకోలేకపోయారా?" అంది ఆ అమ్మాయి.

"గూడ్సు బండి దూకినవాణ్ణి, ఆ పిడికిలి దూకలేకపోయానమ్మా. ఇంతుంది ఆ పిడికిలి, రేగిపండంత. రాజాజ్ఞ కదా. ఆవిడ వదిలేదాకా కదలకూడదు. పది నిమిషాలు అలా నిలబడిపోయాను."

తాళాలాయన గొంతు సవరించుకున్నాడు. అక్క పొయ్యి మీద ఏమీ పొంగకపోయినా మంట తగ్గించింది. నేను నా టీ వైపే చూస్తూ కూర్చున్నాను. పెదనాన్న నా వైపు చూడలేదు. ఎప్పుడూ చూడడు, ఆ చోట.

"తర్వాత?" అన్నాడు టైలరు మెల్లగా, చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించినట్టు.

"తర్వాతేముంది! మళ్ళీ ఎక్కాను బండి. ఈసారి చక్రాలు నేలకి ఆనితే ఒట్టు. నిఘా ఆఫీసు ముందు దిగి గోడ గడియారం చూస్తే సరిగ్గా నాలుగూ పది. నాలుగింటికి మూసేసే కిటికీ అది, చీమని కూడా రానివ్వరు. నా కోసం బార్లా తెరిచి పెట్టుకుని కూర్చున్నారు! లోపల్నుంచి చేతులు చాపి, రావయ్యా, నీ కోసమే చూస్తున్నాం, ఒక పది నిమిషాలదేముంది అంటున్నారు."

కథలో ప్రతిదీ మారుతుంది. గూడ్సు పెట్టెలు నలభై నుంచి యాభై ఎనిమిదయ్యాయి, జనం రెండొందల నుంచి పెరుగుతూనే ఉన్నారు. నాలుగూ పది మాత్రం ఏనాడూ మారలేదు. ఆ ఒక్కటీ ఎందుకు మారదో పొద్దున పదకొండున్నరకి తెలిసింది నాకు.

"కవరు ఇచ్చి ఊరుకున్నానా? లేదు. ముగ్గురు ఆఫీసర్లనీ చెవులు పట్టుకుని తీసుకొచ్చాను. ఒక్క బల్ల చుట్టూ కూర్చోబెట్టాను. నీ కాగితం పెట్టు, నీ కాగితం పెట్టు, నీది కూడా పెట్టవయ్యా, కుర్చీ సంగతి తర్వాత చూద్దాం అన్నాను. మూడు కాగితాలూ ఒక్క బల్ల మీద పెట్టేసరికి చిరిగిన ఉత్తరం అతికినట్టు అతుక్కున్నాయి. బస్టాండు, రేపు పొద్దున ఏడున్నర, టిఫిన్ క్యారియరు! అప్పుడు నేనేం చేశానో తెలుసా?"

"పోలీసుల్ని పంపారా?"

"పోలీసులకి చెప్పాలంటే ఇంకో కవరు రాయాలి తల్లీ, దానికి వారం. నేనే వెళ్ళాను. బెంచీ కింద ఉంది క్యారియరు, టిక్కు టిక్కు మంటోంది. మూత తీస్తే రెండు నిమిషాలే టైముంది. వైరు కొయ్యాలా? ఎర్రదా, పచ్చదా? ఆ చిక్కులన్నీ నాకెందుకు? నేను గవర్నమెంటు మనిషిని. దాన్ని తీసి కవర్లో పెట్టాను, లక్క వేశాను, నంబరు కొట్టాను, 'తగు ఆదేశాలు ఇవ్వగోరుచున్నాను' అని రాసి పై ఆఫీసరు ఫైల్లో పెట్టేశాను."

టైలరు అప్పటికే తొడ కొట్టుకుంటున్నాడు.

"ఆదేశాలు లేకుండా అది ఎలా పేలుతుంది చెప్పు! మూడు నెలలు ఆ బల్ల మీద, నాలుగు నెలలు ఈ బల్ల మీద తిరిగింది. మధ్యలో రెండుసార్లు పేలదామని చూసింది పాపం, సంతకం కాలేదన్నారు. బ్యాటరీ అయిపోయి, వైర్లు చివికి, దానికే విసుగు పుట్టి ఊరుకుంది. ఫైల్లో పెట్టింది ఏదైనా ఇంతవరకూ పేలిందా అమ్మా? లేదు! ఆ రోజు పొద్దున బస్టాండులో నాలుగొందల మంది, ఎవరి బస్సు వాళ్ళు క్షేమంగా ఎక్కి, ఎవరింటికి వాళ్ళు వెళ్ళిపోయారు."

"నిన్న మూడొందల యాభై అన్నావన్నా," అన్నాడు తాళాలాయన.

"ఇంకో బస్సొచ్చిందిరా!"

అక్కడితో అయిపోతుంది కథ. ఆ మాట కాగానే అక్క ఒక అరగ్లాసు టీ ఆయన ముందు పెట్టాలి, అది ఆ కొట్టు ఆనవాయితీ, దాని తర్వాత ఎవరూ ఏమీ అడగరు. అక్క గ్లాసు పెట్టింది కూడా. కానీ కొత్తపిల్లకి ఆనవాయితీ ఏం తెలుసు?

"బాబాయ్‌గారూ," అంది. ఎగతాళి లేదు ఆ గొంతులో, పాఠం అర్థంకాని పిల్లలా అడిగింది. "మిమ్మల్ని చూసినప్పట్నించీ ఎక్కడో చూశాననుకుంటున్నాను. నాది పొద్దున ఆరింటి డ్యూటీ. నా కౌంటరు ఎదురుగా గోడకి ఒక రాయి ఉంది. రెండు పేర్లున్నాయి దాని మీద, ఒక కూలీది, ఒక టీచరమ్మది. రోజూ ఒకాయన సీసాతో నీళ్ళు తెచ్చి, రుమాలు తడిపి, ఆ పేర్లు తుడిచి వెళ్తారు. మీరే కదూ? అందరూ బస్సెక్కేస్తే... ఆ రాయి ఎవరిది?"

టైలరు చేతిలో సిగరెట్టు తనంతట తానే కాలుతోంది.

వాకింగ్‌కని వెళ్ళి రుమాలు అంత నల్లగా ఎలా చేసుకొస్తారు బావగారూ అని మా అమ్మ రోజూ విసుక్కుంటూ ఉతుకుతుంది. నేనూ నవ్వేదాన్ని.

పెదనాన్న అరగ్లాసు టీ చేతిలోకి తీసుకున్నాడు. ఏదో ఒకటి చెప్తాడనుకున్నాను. ఆ రాయి వేరే బస్టాండుది అంటాడు, ఆ రెండు పేర్లూ తన శిష్యులవి అంటాడు, ఏదో ఒకటి అంటాడు, మాటకి తడుముకోవడం ఆయనకి చేతకాదు.

"కిటికీ మూసేశారమ్మా," అన్నాడు. "తలుపు కొట్టాను. లోపల లైటు వెలుగుతూనే ఉంది. రేపు పదింటికి రమ్మన్నారు. ఏడున్నరకి అయిపోయింది."

గ్లాసు బెంచీ మీద పెట్టి లేచాడు. టీ తాగలేదు.

ఆ అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాకు తెలీదండీ, నిజంగా తెలీదు," అంటోంది అందరితో. టైలరు ఆవిడకి బెంచీ మీద చోటు ఇచ్చాడు. "నీ తప్పేం లేదు తల్లీ. మాకు మొదట్నించీ తెలుసు. ఊళ్ళో ఎవరికి తెలీదు? కథలోనైనా వాళ్ళిద్దరూ బస్సెక్కాలి కదా అని వింటున్నాం."

నేను పరిగెత్తుకుంటూ వెళ్ళి పెదనాన్నని కలిశాను. ఆయన చేతిసంచీ నేను తీసుకున్నాను. సందు మలుపు దగ్గర అడిగాను.

"పెదనాన్నా, ఆ మహారాణి ఎవరు?"

"ఎవరో. కథన్నాక ఒక ఆడమనిషి ఉండాలి కదా," అన్నాడు. ఇరవై మూడేళ్ళుగా ఒక్కసారి కూడా నా పేరు ఆ మహారాణి పక్కన పెట్టలేదు. నా పుట్టినరోజుకి ప్రతి ఏడూ ఒక కొత్త పెన్ను ఇస్తాడు, ఆ మర్నాడు మాత్రం ఎవరితోనూ మాట్లాడడు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు.

"ఆ పది నిమిషాలూ వెనక్కి ఇచ్చేసే వీలుంటే ఇచ్చేస్తావా?"

గేటు దగ్గర ఆగి గొళ్ళెం మీద చెయ్యి పెట్టి అన్నాడు. "అదేనమ్మడూ నేను చేసిన పాపం. ఆలస్యమవడం ఒక్కటే అయితే ఎప్పుడో క్షమాపణ అడిగేసేవాణ్ణి. ఆ రాయి దగ్గర రోజూ నిలబడతాను, ఆ పది నిమిషాలూ లేకపోతే బావుండేది అని అనుకుందామని చూస్తాను. ఇన్నేళ్ళలో ఒక్కరోజు కూడా అనుకోలేకపోయాను."

లోపలికి వెళ్ళిపోయాడు.

ఇప్పుడా రెండో కాగితం సంగతి.

పెదనాన్న సంజాయిషీ రేవు ఆఫీసు ఫైల్లోది. దాని కింద విచారణ ముగింపు కూడా ఉంది, ఒక్క వాక్యం: "మెసెంజరు నిర్లక్ష్యము వలన సమాచారము సకాలములో చేరలేదు." ఆయన్ని ఆ తర్వాత రికార్డు రూములో పడేశారు, రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాడు. రెండో కాగితం నిఘా ఆఫీసు ఫైల్లోది. మా దగ్గర ఫైళ్ళని ఆఫీసుల వారీగా కాకుండా తేదీ వారీగా పేరుస్తారు, అందుకే రెండూ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. అది ఫోను వచ్చినప్పుడు రాసుకునే చీటీ. అదే తేదీ, నా పుట్టినరోజు. ఉదయం పదకొండూ ఇరవై. "రేవు ఆఫీసు నుంచి ఫోను. రేపు ఉదయం బస్టాండులో ప్రమాదం జరగవచ్చు. వివరాలు కవరులో పంపుతున్నారు." కింద ఒక పెద్ద సంతకం. సంతకం పైన మూడు మాటలు.

"చూశాను. ఫైలులో పెట్టండి."

పదకొండూ ఇరవైకి వాళ్ళకి తెలుసు. పెదనాన్న బయల్దేరక ముందే తెలుసు. నేను పుట్టకముందే తెలుసు. ఆయన నాలుగింటికి చేరినా, మూడింటికి చేరినా, నిజంగానే గూడ్సు బండి దూకి వెళ్ళినా, ఆ కవరు వెళ్ళి ఆ ఫైల్లోనే పడేది. విచారణ చేసిన రేవు ఆఫీసు నిఘా ఆఫీసు చీటీని చూడలేదు, అడిగినా ఇచ్చేవాళ్ళు కాదు. ఇరవై మూడేళ్ళలో ఆ రెండు కాగితాలూ ఒక్క బల్ల మీదకి రావడం ఇదే మొదటిసారి. ఆ బల్ల ముందు కూర్చుంది నేను.

రెండూ స్కాన్ చేశాను. కింద గడి వచ్చింది. "ఈ సమాచారం ఎవరికి తెలియాలి?" పదిహేడు పేర్లు పైకీ కిందకీ తిప్పాను, ఆఫీసులున్నాయి, మనుషులు లేరు. మా మేడంని మాటవరసకి అడిగాను, ఒక కాగితం ఒక మనిషికి తెలియాల్సి ఉంటే ఏం చెయ్యాలండీ అని. ఆవిడ మంచిదే, కానీ చాలా జాగ్రత్త మనిషి. నా మొహం ఒక నిమిషం చూసి, "మనుషులకి గడి లేదమ్మా. సోమవారం పదింటికల్లా ఏదో ఒక ఆఫీసు నొక్కేసి మూసెయ్. ఆ తర్వాత ఆ కాగితం నువ్వు కూడా చూడలేవు," అంది. ఆవిడకి అంతా అర్థమైందో, ఏమీ అర్థం కాలేదో, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

చెప్తే నా ఉద్యోగం పోతుంది. నాన్నకి ఇంకా పని ఉంది, తిండికి ఇబ్బంది లేదు, కానీ కేసు పడితే ఇంకెక్కడా నాకు ఉద్యోగం రాదు. ఆ భయం ఒకటి. అసలు భయం వేరే. చెప్పాక ఆయనకేం మిగులుతుంది? నీ తప్పు లేదు పెదనాన్నా అంటే, బరువు దిగి హాయిగా నిద్రపోతాడా? లేక, నేను ఎంత పరిగెత్తినా ఆ ఇద్దరికీ ఒరిగేదేమీ లేదన్నమాట అని ఇంకో రాయి నెత్తికెత్తుకుంటాడా? పోనీ చెప్పకుండా ఉందామంటే, ఆ రాయి మీద పేర్లున్న వాళ్ళ ఇళ్ళల్లో కూడా ఇప్పటికీ ఎవడో మెసెంజరు ఆలస్యం చేశాడనే అనుకుంటూ ఉంటారు. ఆ మెసెంజరు వేలు పట్టుకుని ఆపింది నేను. ఇన్నాళ్ళకి వదలాల్సింది కూడా నేనే కదా?

ఇది టైపు చేస్తుంటే తలుపు సందులోంచి ముందు గది కనపడుతోంది. రేపటి రుమాలు నాలుగు మడతలు పెట్టి, నీళ్ళ సీసా నింపి, దాని పక్కన పెట్టుకుని పడుకున్నాడు. అంటే రేపు కూడా వెళ్తాడు.

సోమవారం పదింటిదాకా ఆ గడి ఖాళీగానే ఉంటుంది. మా ఇంట్లో ఎవరినీ అడగలేను, అడిగితే చెప్పేసినట్టే. అందుకే పేర్లేవీ రాయకుండా మిమ్మల్ని అడుగుతున్నాను. రేపు పొద్దున ఆయన గేటు తీసేటప్పుడు నేనూ చెప్పులేసుకుని వెంట వెళ్ళి, ఆ రాయి దగ్గర ఆయన పక్కన నిలబడి చెప్పేయనా? లేక ఇంకో రుమాలు తడిపి, ఏమీ అనకుండా రెండో పేరు నేను తుడవనా? మీరైతే ఏం చేసేవాళ్ళు? నేనిప్పుడేం చెయ్యాలి, చెప్పండి.